కుచ్చుల ఓటు

పాత పరుపు అంచుకుట్టును చాకుమొనతో ఒక్కొక్క టాకా తెంపుకుంటూ పోతున్నాయి ఆ చేతులు. దారం తెగాలి, గలేబు గుడ్డ మాత్రం చిరగకూడదు. తొందరపడేవాడైతే ఒక్క గుంజు గుంజి గుడ్డ కూడా పాడుచేస్తాడు. ఈ చేతులకు తొందర తెలియదు. మూల దాకా వచ్చాక చాకు పక్కన పెట్టి, గుడ్డ మడత తెరిచి, లోపలి దూదిని తడిమి చూశాయి. నడుము ఆనే చోట దూది చెక్కలా గట్టిపడిపోయింది. అదీ ఒక పక్కనే. పడుకునే మనిషి రాత్రంతా ఒకే వైపు తిరిగి, కదలకుండా పడుకుంటున్నాడన్నమాట.

ఆ మనిషి ఎవరో చేతులకు తెలుసు. పరుపు బావది.

ఆ చేతుల మనిషిని పరుపుల కార్ఖానాలో అందరూ దబ్బనం అంటారు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. పైగా మాటతో పొడవందే నిద్రపట్టదు. ఆ పేరు పెట్టింది కూడా బావే. అక్క మొగుడు. అక్క పెళ్ళయిన కొత్తలో ఏ పనీ ఒంటికి అంటించుకోకుండా వీధులు కొలుస్తున్న బావమరిదిని జబ్బ పట్టుకుని లాక్కొచ్చి, కుచ్చుల బల్ల కింద కూర్చోబెట్టింది ఆయనే.

"మామయ్యా, పరుపు ఎప్పటికవుతుంది?" అంది మేనకోడలు గుమ్మంలో నిలబడి. బావ కూతురు. కుట్టు గదిలో గలేబులు కుడుతుంది. పొద్దున్నే తోపుడు బండి మీద ఈ పరుపు వేసుకొచ్చింది తనే.

"దూది ఏకి, నింపి, కుచ్చులు కుట్టాలి. సాయంత్రానికి అవుతుంది. కొత్తది తీసుకోమనలేకపోయావా?"

"అన్నాను. వద్దన్నాడు. దీన్నే విప్పి కుట్టించమన్నాడు."

"నాతోనే కుట్టించమన్నాడా?"

ఆ పిల్ల అబద్ధం చెప్పదు. అదే దానితో వచ్చిన చిక్కు. "ఎవరితో అని చెప్పలేదు" అంది.

దబ్బనం తల వంచుకుని దూది బయటికి లాగడం మొదలుపెట్టాడు.

*

కుచ్చుల బల్ల మామూలు బల్లలా ఉండదు. పైన పలకలుండవు. చెయ్యి దూరేంత సందులు వదిలి అడ్డకర్రలు వేసి ఉంటాయి. నింపిన పరుపును దాని మీద పరిచి ఒకరు పైన నిలబడతారు, ఒకరు కింద పీట మీద కూర్చుంటారు. పైనున్నవాడు పొడుగు సూదిని నిలువునా దించుతాడు. కిందివాడు దాన్ని అందుకుని, దారానికి ఒక కుచ్చు తగిలించి సూదిని మళ్ళీ పైకి తోస్తాడు. పైవాడు ఇంకో కుచ్చు పెట్టి బిగించి ముడేస్తాడు. కుచ్చంటే కాసిన్ని నూలు పోగులు మడిచి నడుముకు కట్టిన చిన్న పువ్వు లాంటిది. పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెంటి మధ్య దూది చిక్కుకుని ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటుంది.

ఈ పనిలో ఒకరి మొహం ఒకరికి కనపడదు. వేళ్ళు కనపడతాయి, గొంతు వినపడుతుంది. బావ పైన, దబ్బనం కింద, అలా కుట్టిన పరుపుల మీద ఊరు సగం పడుకుంటోందని బావ గర్వంగా చెప్పేవాడు. మొహాలు కనపడవు కాబట్టే కాబోలు, ఆ బల్ల దగ్గర మాటకు మొహమాటం ఉండేది కాదు.

అప్పట్లో దేశమంతా ఒకటే రగడ. అధ్యక్షుణ్ణి అప్పటిదాకా సభలో కూర్చున్న ప్రతినిధులే ఎన్నుకునేవాళ్ళు. ఇక మీదట జనమే నేరుగా ఓటేసి ఎన్నుకోవాలా అన్న చర్చ లేచింది. కార్ఖానా రేడియోలో పొద్దున ఒకాయన అవునని బల్ల గుద్దితే, మధ్యాహ్నం ఇంకొకాయన కాదని గొంతు చించుకునేవాడు. ఆ రేడియో మూగబోయాక బల్ల కింద ఇంకో రేడియో మొదలయ్యేది.

"మన అధ్యక్షుణ్ణి మనం ఎన్నుకోడానికి మధ్యలో వీళ్ళెవరు బావా? నాకు ఆకలేస్తే నా తరఫున పక్కింటాయన తింటాడా?"

"తినడు. కానీ పెళ్ళివంట నువ్వే చేస్తావా? వంటొచ్చినవాణ్ణి పిలుస్తావు. సూది పంపు."

"నేను పిలవడం వేరు. నేను పిలిచినవాడు ఇంకెవణ్ణో పిలవడం వేరు."

"ఒరేయ్, నాకు మన వీధి తెలుసు. ఎవడు పైకి నవ్వి లోపల కుళ్ళుకుంటాడో తెలుసు, ఎవడు మాటిస్తే నిలబడతాడో తెలుసు. రాజధానిలో కూర్చున్నవాడు నాకేం తెలుసురా? ఫోటోలో పళ్ళు బాగున్నాయని ఓటెయ్యమంటావా? నాకు తెలిసినవాణ్ణి నేను పంపిస్తా. వాడు అక్కడికెళ్ళి తనకు తెలిసినవాణ్ణి ఎంచుతాడు. అదీ వరస."

"ఆ వరసలో పోయి పోయి మన మాట చివరికి చేరేసరికి దూదిపింజంతైనా మిగులుతుందా? పైగా అక్కడ నలుగురిని బుజ్జగిస్తే పనైపోతుంది. దేశాన్నంతా బుజ్జగించడం ఎవడి తరం?"

"దేశాన్నంతా బుజ్జగించక్కర్లేదు. నోరు పెద్దదైతే చాలు. నీకున్నంత నోరుంటే నువ్వే గెలుస్తావు. ఆ కుచ్చు పక్కకి పోయింది, సరిగ్గా పెట్టు."

నింపే బల్ల వాళ్ళు నవ్వేవాళ్ళు. దబ్బనం కుచ్చు సరిచేసి మళ్ళీ అందుకునేవాడు. బావ ఏ రోజూ ఒప్పుకోలేదు, ఏ రోజూ కోప్పడలేదు. ఆ వాదనలో ఇద్దరికీ ఉప్పూ కారం సరిపోయినంత రుచి ఉండేది. పని ముగిశాక బావ చేతులు దులుపుకుంటూ, "ఇవాళ్టికి దేశం బతికింది, పదరా" అనేవాడు.

అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పుడు దూది ఏకుతూ అనుకుంటాడు దబ్బనం. ఆగలేదు.

కార్ఖానా ఒకరి సొత్తు కాదు, పనివాళ్ళ సంఘానిది. దానికీ ఒక అధ్యక్షుడుంటాడు. ఎవరు ఏ బల్ల దగ్గర పనిచేయాలో, ఏ ఆసుపత్రి పరుపులు ముందు, ఏ హాస్టలు పరుపులు తర్వాతో తేల్చేది ఆయనే. ఏకే బల్ల, నింపే బల్ల, కుచ్చుల బల్ల, కుట్టు గది, ఇలా నాలుగు. ఒక్కోదానికి ఒక పెద్ద. ఆ నలుగురూ కూర్చుని అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. కూర్చున్న ప్రతిసారీ బావ పేరే వచ్చేది. టీ తాగినంతసేపట్లో ముగిసిపోయే తంతు అది.

ఒక మధ్యాహ్నం దబ్బనం జోరు మీదున్నాడు. నేరుగా, నేరుగా అని బల్ల కింద నుంచి అరుస్తున్నాడు. కుట్టు గది గుమ్మంలోంచి తల బయటికి పెట్టింది కత్తెరక్క. ఆ గదికి పెద్ద. గుడ్డ కొలవకుండా కత్తిరించినా వెంట్రుకవాసి తేడా రాదు కాబట్టి ఆ పేరు.

"దేశం సంగతి సరే దబ్బనం. మన అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకుంటున్నారో చెప్పు. జనమా, నలుగురా?"

కార్ఖానా గొల్లుమంది. బల్ల కింద దబ్బనం నాలుక్కరుచుకున్నాడు. పైన బావ కూడా నవ్వాడు. "చెప్పరా, చెప్పు. ఇరుక్కున్నావు."

ఇరుక్కున్నవాడు ఊరుకుంటే పోయేది. దబ్బనం పీట మీంచి లేచి, తలకు అడ్డకర్ర కొట్టుకుని, నెత్తి రుద్దుకుంటూనే అన్నాడు: "ఇక్కడా అంతే. ఈసారి అందరం ఓటేద్దాం. నాకు రెండు నాలుకల్లేవు."

"కానీండి" అన్నాడు బావ. అన్నప్పుడు ఆయన గొంతులో బెరుకు లేదు. ఎందుకుంటుంది? అక్కడున్న ప్రతి చేతికీ పని నేర్పింది తనే.

దబ్బనం మనసులోనూ అదే ఉంది. నలుగురు పెద్దలు కూడబలుక్కుని ఇచ్చే పదవి ఒక లెక్క, కార్ఖానా కార్ఖానా లేచి ఇచ్చేది ఒక లెక్క. బావకు ఆ రెండోది రావాలి. పూలదండ లాంటిదేదో బావ మెళ్ళో వేయబోతున్నానని పొంగిపోయాడు. దండలో దారం చూసుకోలేదు.

చూసుకోవలసింది కుట్టు గదిని. కార్ఖానాలో సగానికి పైగా మనుషులు ఆ గదిలోనే ఉన్నారు. నలుగురు పెద్దలు కూర్చున్నప్పుడు ఆ గది ఒక్క గొంతే. అందరూ ఓటేస్తే ఆ గదే కార్ఖానా. లోపలి గది అది, కిటికీ లేదు. ఏకే బల్ల నుంచి లేచిన దూది నూగు పోయి పోయి అక్కడే దిగుతుంది. ఆడవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని, దగ్గుకుంటూ కుడతారు. గోడకు కిటికీ కొట్టించమని కత్తెరక్క అడగని నెల లేదు. బావ దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు: "కిటికీ పెడితే గాలొస్తుంది. గాలొస్తే ఏకిన దూది కార్ఖానా అంతా ఎగురుతుంది. పనెట్లా అవుతుంది?" పనివాడిగా ఆ మాటలో అబద్ధం లేదు. దగ్గేవాళ్ళకు మాత్రం అది జవాబు కాదు.

ఈసారి కత్తెరక్క తానే పోటీకి నిలబడింది.

ఓటు ఎలా వెయ్యాలన్నది తర్వాతి ప్రశ్న. చేతులెత్తితే బావ మొహం చూసి ఎత్తేస్తారంది కత్తెరక్క. కాగితాలంటే సగం మందికి రాత రాదు, వచ్చినవాళ్ళ రాతేమో గుర్తుపట్టేస్తారు. అప్పుడు దబ్బనానికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వచ్చినందుకు ఆ పూటంతా తన భుజం తానే తట్టుకున్నాడు.

"కుచ్చులు! ఒక్కొక్కరికి కాస్త ఎర్ర నూలు, కాస్త తెల్ల నూలు ఇద్దాం. బావకైతే తెల్ల కుచ్చు కట్టండి, అక్కకైతే ఎర్రది కట్టండి. కట్టింది గోతాంలో వేసెయ్యండి. మిగిలిన నూలు ఏకే యంత్రంలో పడెయ్యండి. ఎవరిదేదో ఎవరికీ తెలీదు!"

అందరూ భలే అన్నారు. బావ కూడా అన్నాడు. కాగితం మీద రాత గుర్తుపడతారని జంకిన మనుషులే వాళ్ళంతా. కానీ కుచ్చు ముడి దగ్గరికొస్తే ఎవరి చెయ్యి ఎలా తిరుగుతుందో ఆ గదుల్లో తెలియనిదెవరికి? ఆ మాట ఒక్కరికీ తట్టలేదు. వేరే ఏ కార్ఖానాలోనైనా ఆ పద్ధతి నిక్షేపంగా సాగిపోయేది.

లెక్కపెట్టడానికి బావే కూర్చున్నాడు. అధ్యక్షుడు కదా. గోతాంలో చెయ్యి పెట్టి మొదటి కుచ్చు తీశాడు. ఎర్రది. నవ్వి పక్కన పెట్టాడు. రెండోది తీశాడు. అదీ ఎర్రదే. దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. అప్పుడు ఆయన మొహం మారడం ఎదురుగా నిలబడ్డ దబ్బనం చూశాడు. ఆ కుచ్చుకు చుట్టు ఎడమ నుంచి తిరిగి ఉంది. కార్ఖానాలో ఎడమచేతివాటం మనిషి ఒక్కరే, నింపే బల్ల ముసలాయన. బావ పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి టీ తాగినవాడు.

బావ ఆ ముడి మీద బొటనవేలు పెట్టి మెల్లగా విప్పేశాడు. కుచ్చు ఊడి ఉట్టి నూలు పోగులైంది. దాన్ని ఎర్రవాటి కుప్పలో వేశాడు. మొదట పక్కన పెట్టినదాన్ని కూడా తీసుకుని విప్పాడు. ఆ తర్వాత గోతాంలోంచి ఏది తీసినా అంతే. చూడటం, విప్పడం, వేయడం.

"ఏంటి మేస్త్రీ, కుచ్చులు మళ్ళీ వాడుకుందామనా?" అని ఎవరో వెనకనుంచి హాస్యమాడారు. బావ కూడా నవ్వాడు. "నూలు దండగెందుకు?" అన్నాడు.

దబ్బనానికి అప్పుడు అర్థమైంది. పళ్ళతో కొరికిన దారపు కొస ఫలానావాళ్ళది. పొడుగ్గా వదిలిన తోక ఫలానావాళ్ళది. బావ చేతిలో పడుతున్నవి ఓట్లు కావు, మనుషులు. ఒక్కొక్కరూ వచ్చి ఆయన ఎదుట నిలబడి నువ్వొద్దు అని మొహం మీద చెప్పి పోతున్నట్టుంది. ఆపమని అరుద్దామనుకున్నాడు. ఏమని ఆపుతాడు? ఆపితే ఆ సంగతి గదికంతా తెలిసిపోతుంది. ఎవరు కట్టింది ఏదో ఎవరికీ తెలియకుండా పోవాలనే కదా బావ ముడులన్నీ విప్పుతున్నది.

మధ్యమధ్య తెల్లవీ వచ్చాయి. అందులో ఒకటి దబ్బనానిది. బావ దాన్నీ చూశాడు, దాన్నీ విప్పాడు.

ఇంకాసేపటికి ఒక ఎర్ర కుచ్చు వచ్చింది. నడుము దగ్గర ఒక చుట్టు ఎక్కువ. ఊడిపోతుందేమోనన్న భయంతో చిన్నప్పుడు అలవాటైన ఎక్కువ చుట్టు. "నూలు తినేస్తున్నావే తల్లీ" అని బావ మురిపెంగా కసురుకునే చుట్టు. ఆయన కూతురిది.

ఆ ఒక్కదాన్ని విప్పడానికి బావకు చాలాసేపు పట్టింది. ముడి గట్టిది.

లెక్క ముగిసింది. బావ లేచి, నడుముకు కట్టుకున్న తాళంచెవి తీసి కత్తెరక్క చేతిలో పెట్టాడు. "గోదాము తాళం బిగుతుగా ఉంటుందమ్మా. కాస్త పైకెత్తి తిప్పాలి" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. ఆ బాగాలేనితనం అలాగే సాగింది.

దబ్బనం ఇంటికి వెళ్ళాడు. అక్క తలుపు తీసి, లోపలికి చెయ్యి చూపించింది. బావ మంచం మీద పడుకుని ఉన్నాడు.

"బావా, కోపమొచ్చిందా?"

"కోపమెందుకు? నీది తెల్లదేగా. చూశాను."

"మరి?"

బావ లేచి కూర్చున్నాడు. "ఇన్నేళ్ళూ వాళ్ళకి నేనంటే ఇష్టమో కాదో నేను అడగలేదురా. వాళ్ళూ చెప్పలేదు. పని సాగింది. నేనడగని దానికి అందరిచేతా జవాబు చెప్పించావు. అదీ ఒక్కొక్కరిచేతా."

"నాకు తెలీదు బావా. అందరూ నీకే వేస్తారనుకున్నాను."

"నేనూ అనుకున్నాను" అన్నాడు బావ. తర్వాత గొంతు తగ్గించి, వంటగది వైపు ఓ చూపు చూసి, "పిల్ల దగ్గర నోరు జారకు. దాని ఓటు అది వేసుకుంది. నాకు తెలుసని దానికి తెలియక్కర్లేదు. నువ్వు దేన్నీ కడుపులో దాచుకోలేవు. ఇదొక్కటి దాచు" అన్నాడు.

ఆ రోజు నుంచి వాళ్ళ మధ్య అంతకు మించి మాట నడవలేదు.

పోనీ, ఆ ఓటు తప్పని తేలినా దబ్బనానికి కాస్త ఊరటగా ఉండేది. అదీ లేదు. కత్తెరక్క వచ్చిన కొద్దికాలానికే కుట్టు గది గోడకు కిటికీ కొట్టించింది. దూది ఎగరకుండా ఏకే బల్లకు అడ్డంగా తెర కట్టించి, నూగును బయటికి లాగే పంకా పెట్టించింది. గదిలో దగ్గులు తగ్గాయి. మేనకోడలి మొహంలో కళ వచ్చింది. తనకూ పొద్దున్నే గొంతులో గరగర పోయింది. గాలి హాయిగా పీల్చుకున్నప్పుడల్లా దబ్బనానికి బావ గుర్తొస్తాడు. అందరూ ఓటెయ్యడం తప్పు కాదని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాడు, కాకపోతే వెనకటి గొంతుతో కాదు. దేశంలో మాత్రం ఆ సంగతి ఇంకా తేలలేదు. కమిటీ వేశారట. కమిటీ గడువు అడిగిందట.

*

దూది ఏకడం అయింది. చెక్కలా ఉన్న ఉండలన్నీ విడిపోయి, పొంగి, కుప్ప పోసుకున్నాయి. దబ్బనం గలేబును ఉతికించి ఆరబెట్టించాడు. చిరుగు ఉన్న చోట మేనకోడలు అతుకు వేసింది. అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పొరలు పొరలుగా దూది పరుస్తూ, నడుము దగ్గర ఒక పొర ఎక్కువ వేశాడు. అంచు కుట్టి, కర్రతో సమంగా తట్టి, బల్ల మీదికి ఎత్తించాడు.

బావ వెళ్ళినప్పటి నుంచి దబ్బనం పైన నిలబడుతున్నాడు. కింద ఎవరు వీలైతే వాళ్ళు కూర్చుంటున్నారు. ఆ వేళ పీట లాక్కుని మేనకోడలు కూర్చుంది. "నాన్న పరుపు కదా, నేను కూర్చుంటా" అంది. కాదనడానికి కారణం దొరకలేదు.

సూది దించాడు. కింద నుంచి అది తిరిగి వచ్చింది. కుచ్చు పెట్టి బిగించాడు. పిల్ల చెయ్యి మంచిది, సూదిని ఎదురుచూడనివ్వదు. ఒక వరస పూర్తయింది.

"మామయ్యా."

"ఊఁ."

"నాన్నకి తెలుసా?"

"ఏం తెలుసా?"

"తెలీనట్టు అడక్కు. నేను ఎర్రది కట్టాను. ఆ రోజు నాన్న ముడులు విప్పుతుంటే నీ మొహం పాలిపోయింది. నేను చూశాను. అప్పటికి నాకు అర్థం కాలేదు. తర్వాత తర్వాత అనుమానమొచ్చింది."

దబ్బనం సూది పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కింద నుంచి గొంతు మాత్రం వస్తోంది.

"నాన్న నాతో బాగానే మాట్లాడతాడు. తిన్నావా అంటాడు, దగ్గు తగ్గిందా అంటాడు. కార్ఖానా మాటెత్తితే కళ్ళు మూసుకుంటాడు. అందరి మీదా కోపమో, నా ఒక్కదాని మీదేనో నాకు తెలీట్లేదు. అందరి మీదైతే నేను కూర్చుని సర్దిచెప్తాను. నా మీదైతే కాళ్ళు పట్టుకుంటాను. ఏదీ చేయలేక ఛస్తున్నాను. చెప్పు మామయ్యా. తెలుసా, తెలీదా?"

చెప్పేస్తే ఒక్క మాట. తెలుసని చెప్తే, బావ ఒక్కొక్క ముడీ విప్పి కాపాడుకున్నది ఆ క్షణంలో ఊడిపోతుంది. తెలీదని చెప్తే, ఆ అబద్ధం మీద ఈ పిల్ల ఎన్నాళ్ళు సర్దిచెప్పుకుంటూ కూర్చుంటుందో. ఇదివరకోసారి అన్నీ బయటికి రావాలని పట్టుబట్టి చూశాడు. వచ్చాయి. నోటిదాకా వచ్చినదాన్ని మింగడం అలవాటు లేదు. జీవితమంతా వాగిన మనిషికి మౌనంలో ఏ వైపు నిలబడాలో తెలియలేదు.

"మీ ఇద్దరి మధ్యలో నేనెందుకే?" అన్నాడు చివరికి. "నన్నడగడమేంటి? ఆయన్నే అడుగు. నేరుగా."

అన్నాక ఆ మాట తన చెవికే ఎలాగో వినపడింది. ఇదే మాటను ఈ బల్ల కింద కూర్చుని దేశం దద్దరిల్లేలా అరిచేవాడు. ఇవాళ అదే మాట చాటున దాక్కున్నాడు.

కింద పిల్ల నవ్వింది. నవ్వులో సంతోషం లేదు. "ఎంత బాగా చెప్పావు మామయ్యా! రేడియోలో వాళ్ళు పనికిరారు."

"అమ్మా..."

"సూది పంపు. పొద్దుపోతోంది."

పంపాడు. మిగతా వరసలు కుట్టినంతసేపూ వేళ్ళు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. పని మాత్రం ఎక్కడా తప్పు పోలేదు. కుచ్చులన్నీ తిన్నగా, ఒకే లోతున కూర్చున్నాయి. తన చేతి కింద అంత మంచి పరుపు ఎప్పుడూ తయారు కాలేదని దబ్బనానికి తెలుసు. ఆ సంగతి చెప్పుకోవలసిన మనిషి ఇక్కడ లేడు.

పరుపును చుట్టి, తాడేసి, బండి మీదికి ఎత్తారు. దబ్బనం లాగాడు, మేనకోడలు వెనకనుంచి తోసింది. ఎత్తు రోడ్డు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నారు. బావ ఇంటి మెట్లు ఇరుకు. పరుపును నిలువుగా పట్టుకుని, గోడకు రాసుకోకుండా, ఒకరు పైమెట్టు మీద, ఒకరు కిందిమెట్టు మీద మోసుకెళ్ళారు. అక్క తలుపు తీసి పక్కకు జరిగింది.

బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. పరుపు మంచం మీద పరిచాక లేచి దగ్గరికి వచ్చాడు. అరచెయ్యి పెట్టి తల దగ్గర నొక్కాడు, నడుము దగ్గర నొక్కాడు, కాళ్ళ దగ్గర నొక్కాడు. అంచు వెంబడి వేలు పోనిచ్చాడు. కార్ఖానాలో పరుపు బయటికి పంపే ముందు ఎలా చూసేవాడో అలాగే.

"నింపిందెవరు?"

"నేనే బావా."

"నడుం దగ్గర ఒక పొర ఎక్కువేశావు."

"అక్కడే దూది చెక్కలా గట్టిపడిపోయిందని."

"మంచిదే. ఓ వారం ఎత్తుగా ఉంటుంది. తర్వాత సర్దుకుంటుంది."

దబ్బనం తాడు చుట్టుకుంటూ, ఎటో చూస్తూ అన్నాడు: "హాస్టలు పరుపుల పనొచ్చింది బావా. పైన నిలబడటం నాకింకా కుదరట్లేదు. ఓసారి వచ్చి చూసి పోరాదూ?"

"పిల్ల ఉందిగా, కింద కూర్చోడానికి. కుదురుతుందిలే" అన్నాడు బావ. అందులో నిష్ఠూరం లేదు. పిలుపుకు చోటూ లేదు.

మేనకోడలు మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. దుప్పటి మూల పట్టుకుంది. "నాన్నా" అంది.

"ఏమ్మా?"

దబ్బనం తాడు చుట్టడం ఆపేశాడు. అక్క కూడా వంటగది గుమ్మంలో ఆగింది. పిల్ల తండ్రి మొహం వైపు చూసింది. తండ్రి కూడా చూశాడు, అడగబోయేదేమిటో తెలిసినట్టు, అడక్కపోతే బాగుండునన్నట్టు.

"ఎత్తు సరిపోయిందా?" అంది పిల్ల.

"సరిపోయిందమ్మా. బాగా కుట్టారు."

పిల్ల దుప్పటి పరిచి, ముడతలు చేత్తో సాపుచేసింది. బావ మెల్లగా కూర్చుని, వెనక్కి వాలి, కాళ్ళు చాపుకున్నాడు. దబ్బనం తాడును భుజాన వేసుకుని, అక్కకు వెళ్ళొస్తానని చెప్పి, ఖాళీ బండి దగ్గరికి మెట్లు దిగాడు.